ఎడమకు రెండు కన్నాల గుండీ

3వ తేదీ, సోమవారం

వచ్చేసింది! మా అమ్మాయికి పగటి ఉద్యోగం వచ్చేసింది! పదహారేళ్ల నైట్ డ్యూటీ తర్వాత!

ఈ పుస్తకం కొలతలు రాసుకోవడానికి కొన్నది. నా కుట్టు దుకాణం మూసేశాక నాలుగేళ్లుగా ఖాళీగా పడి ఉంది. ఇందులోనే రాస్తున్నాను, ఎందుకంటే చెప్పుకోవడానికి ఇంట్లో ఎవరూ మిగల్లేదు. ఇంటావిడకు మూడుసార్లు చెప్పాను. నాలుగోసారి మొదలుపెట్టేసరికి, ఆ కబురు మీకు చెప్పిందే నేను కదా అని లోపలికి వెళ్లిపోయింది.

మంచం దిగలేని రోగుల ఇళ్లకే వెళ్లి కట్లు మార్చి సూదిమందు ఇచ్చి వచ్చే నర్సులను కొత్తగా పెడుతున్నారట ఆస్పత్రి వాళ్లు. నలభై మంది అడిగితే ఆరుగురిని తీసుకున్నారు. ఆ ఆరుగురిలో నా కూతురు. పొద్దున తొమ్మిదికి వెళ్తే సాయంత్రం ఐదుకల్లా ఇల్లు. అది, అల్లుడు పై వాటాలోనే ఉంటారు. అయినా ఏం లాభం, మేం భోజనానికి కూర్చునే వేళకు అది డ్యూటీకి బయల్దేరేది. దాని కంచం మీద మూత పెట్టి పెట్టి ఆ మూతకే సొట్ట పడింది. ఇక నలుగురం కూర్చోవచ్చు.

ఒక్కటే మెలిక. కారు తనే నడుపుకోవాలి. ఆస్పత్రి రవాణా ఆఫీసరు పక్కన కూర్చుని పన్నెండో తేదీన పరీక్ష పెడతాడు. తప్పితే మళ్లీ పాత వార్డే, పాత డ్యూటీయే. అమ్మాయికి లైసెన్సు ఉంది, పన్నెండేళ్ల నాటిది. నడిపింది మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. సాధన కోసం కారు ఇంటికే ఇస్తున్నారు.

తప్పదు. నా కూతురు తప్పదు.

4వ తేదీ, మంగళవారం

కారు వచ్చింది. తెల్లది, కరెంటుది. చప్పుడే లేదు. గేటు దగ్గర ఆగిన సంగతి నాకు తెలియనే లేదు, అమ్మాయి వచ్చి భుజం తట్టింది. సీట్ల కుట్టు చూశాను. మిషన్ కుట్టే కానీ శుభ్రంగా ఉంది. వెనక సీటు మూల ఒకచోట దారం కొస వదిలేశారు. కత్తిరించి వచ్చాను.

5వ తేదీ, బుధవారం

పాత గోదాముల వెనక రోడ్డులో మొదటి సాధన. నేను వెనక సీటులో. ముందు సీటులో నా బావమరిది, ముప్పై ఏళ్లు లారీ నడిపినవాడు, నేర్పుతానని వచ్చాడు.

కారు మెత్తగా పోతోంది, బ్రేకు బాగుంది, అన్నీ బాగున్నాయి. ఇండికేటర్ దగ్గరే వచ్చింది చిక్కు. అన్ని కార్లలో స్టీరింగ్ పక్కన ఒక పుల్ల ఉంటుందట, పైకంటే ఒక వైపు లైటు, కిందికంటే ఇంకో వైపు లైటు. ఇందులో పుల్ల లేదు. స్టీరింగ్ మీదే, ఎడమ బొటనవేలు ఆనే చోట, ఒకదాని కింద ఒకటి రెండు బాణం గుర్తులు. పైది ఎడమకు, కిందిది కుడికి. అవి లోపలికి దిగే బటన్లు కూడా కావు, అద్దంలా నున్నగా ఉంటాయి, వేలు తగిలితే చాలట.

చాలదు. పది మలుపులు తిరిగితే ఎనిమిదిసార్లు వెలిగింది, రెండుసార్లు వెలగలేదు. పైగా స్టీరింగ్ తిప్పగానే పై బాణం కిందికీ, కింది బాణం పైకీ పోతాయి. అమ్మాయి వాటిని వెతుక్కుంటూ తల దించుతోంది. అది తల దించినప్పుడల్లా కారు గోదాం గోడ వైపు జరుగుతోంది.

"ఇది కారు కాదు బావా, చక్రాలు పెట్టిన ఫోను" అన్నాడు బావమరిది. ఇండికేటర్ పడకపోతే చెయ్యి బయటపెట్టి ఊపమని సలహా కూడా ఇచ్చాడు. ఆ ఆఫీసరు పద్ధతి అమ్మాయి చెప్పింది: ఇండికేటర్ రెండుసార్లు తప్పితే ఊరుకుంటాడు, మూడోసారి తప్పితే కాగితం మడిచేస్తాడు.

6వ తేదీ, గురువారం

నాకు తట్టింది! ముప్పై ఏళ్లు లారీ నడిపినవాడికి తట్టలేదు, ఎనిమిదో తరగతితో బడి మానేసిన నాకు తట్టింది!

కాజా కుట్టేటప్పుడు నేను వేళ్ల వైపు చూసేవాడినా? గిరాకీతో మాట్లాడుతూనే కుట్టేవాడిని. వేలికి ఒక గుర్తు దొరికితే కన్నుతో పని లేదు. అమ్మాయి వేలికి గుర్తు లేదు, అందుకే తల దించుతోంది. స్టీరింగుకు ఒక కవరు కుడతాను. సరిగ్గా ఆ రెండు బాణాల మీదికి వచ్చేలా రెండు చొక్కా గుండీలు. ఎడమకు రెండు కన్నాలది, కుడికి నాలుగు కన్నాలది. వేలు పెట్టగానే తెలిసిపోతుంది.

టేపు వెతికి మెడలో వేసుకున్నాను. స్టీరింగ్ చుట్టుకొలత నాలుగుసార్లు తీశాను. మందం రెండుసార్లు.

7వ తేదీ, శుక్రవారం

పొద్దుటి నుంచి కుట్టాను. మిషన్ కాదు, చేత్తోనే. నల్లటి దళసరి గుడ్డ, లోపల మెత్తటి లైనింగు. ముందు కచ్చా కుట్టు వేసి తొడిగి చూసి, విప్పి, అసలు కుట్టు. చుట్టూ నూట నలభై కుట్లు, ఒకదానికీ ఇంకోదానికీ తేడా కనిపెట్టినవాడికి నా చేతి గడియారం ఇచ్చేస్తాను. ఇంటావిడ భోజనానికి రెండుసార్లు పిలిచింది, వస్తున్నా వస్తున్నా అంటూనే సాయంత్రమైంది. ఎంత హాయిగా ఉందో. నడుము నొప్పి కూడా పాత స్నేహితుడిలా అనిపించింది.

8వ తేదీ, శనివారం

అమ్మాయి కవరును అటూ ఇటూ తిప్పి చూసింది. వేలితో గుండీలు తడిమింది. తర్వాత చాలా బాగుంది నాన్నా అంది. లోపల ఎంత పొంగిపోయిందో నాకు తెలుసు.

పది మలుపులు. ఆరుసార్లు వెలిగింది. కొత్త కవరు కదా, సర్దుకుంటుంది.

తల మాత్రం దించడం లేదు! చెప్పానా!

9వ తేదీ, ఆదివారం

ఐదు. ఒకసారి ఎడమకు నొక్కితే ఏ వైపూ వెలగలేదు, ఇంకోసారి వెలిగిన లైటు మలుపు దాటినా ఆరలేదు. ఈ కారు రోజురోజుకీ చెడుతోంది.

10వ తేదీ, సోమవారం

ఐదు. కుట్టు మాత్రం చెక్కు చెదరలేదు.

11వ తేదీ, మంగళవారం

ఆరు. మెరుగే.

12వ తేదీ, బుధవారం

తప్పింది.

అమ్మాయి వచ్చి సంచి బల్ల మీద పెట్టి, నాలుగో మలుపులోనే అయిపోయింది అంది. మూడుసార్లు నొక్కిందట, మూడుసార్లూ వెలగలేదట. ఆఫీసరు చెడ్డవాడేం కాదు, పంతొమ్మిదో తేదీన ఇంకొక్కసారి చూస్తానన్నాడు. అదే ఆఖరు. నవ్వుతూనే చెప్పింది. నవ్వుతూనే పైకి వెళ్లి డ్యూటీ బట్టలు మార్చుకుని వెళ్లిపోయింది. కంచం మీద మళ్లీ మూత.

13వ తేదీ, గురువారం

నా కూతురి తప్పు కాదు. కారు తప్పు. పుల్ల తీసేసి బాణాలు పెట్టమని ఎవడు చెప్పాడు వాళ్లకి? చొక్కాకు గుండీలు పీకేసి, బొమ్మ గీశాం, వేలితో తాకితే చాలు అని నేనంటే గిరాకీ ఊరుకుంటాడా?

14వ తేదీ, శుక్రవారం

కారు బాగుచేసే షెడ్డు వాళ్లకు మూడు పేజీల ఫిర్యాదు రాశాను. ఇంటావిడ చదివింది. ఇందులో కారు గురించి ఒక పేజీ, కవరు గురించి రెండు పేజీలు ఉన్నాయంది. ఉంటే ఏం? వాళ్లకు ఇంతకంటే మంచి గుర్తు ఇంకెవరైనా పెట్టిచ్చారా? రేపు అమ్మాయి పడుకున్నాక బావమరిదితో కారు తీయించుకుని నేనే వెళ్తాను. పది మలుపులకు ఎన్నిసార్లు వెలిగిందో రోజువారీగా రాసి పెట్టాను. ఈ పుస్తకం వాళ్ల ముందు పడేస్తాను.

15వ తేదీ, శనివారం

ఈరోజు ఏమీ రాయను.

16వ తేదీ, ఆదివారం

రాస్తాను. రాయకపోతే అది జరగకుండా పోతుందా.

నిన్న షెడ్డులో మమ్మల్ని చూసింది ఒక ఆడమనిషి, మెకానిక్కు. నలభై ఏళ్లుంటాయి, చొక్కా చేతులు పైకి మడిచి ఉంది. నేను పుస్తకం తెరిచి పెట్టాను. ఆమె మర్యాదగా అంతా చదివింది. ఐదో తేదీ ఎనిమిది, ఎనిమిదో తేదీ ఆరు, తర్వాత ఐదు, ఐదు, ఆరు. ఏడో తేదీన ఏం జరిగిందండీ అని అడిగింది. కవరు కుట్టానని చెప్పాను. కొంచెం గర్వంగానే చెప్పాను.

ఆమె కారు తలుపు తీసి కవరు చూసి, "ఈ కవరు నేను మొన్ననే చూశాను బాబాయ్ గారూ" అంది.

సోమవారం ఒక నర్సు ఈ కారు తీసుకొచ్చి బాణాలు సరిగా పట్టడం లేదని చూపించిందట. ఈ బాణాలకు వేలి చర్మం తగలాలి, మధ్యలో గుడ్డ, లైనింగు, గుండీ ఉంటే ఒకసారి పడతాయి, ఒకసారి పడవు, కవరు తీసేసి నడపమని ఈమె చెప్పిందట. దానికి ఆ నర్సు, "అది మా నాన్న కుట్టింది, తీయలేను" అని వెళ్లిపోయిందట.

నా బావమరిది వంగి టైరు చూడడం మొదలుపెట్టాడు. ఆ టైరులో చూడటానికి ఏమీ లేదు.

అంటే సోమవారమే దానికి తెలుసు. తెలిసీ బుధవారం ఆ కవరుతోనే పరీక్షకు వెళ్లింది.

ఆమె ఇంకో సంగతి కూడా చెప్పింది, నా ముఖం చూసి జాలిపడి చెప్పి ఉంటుంది. కవరు లేకపోయినా ఈ బాణాలు అసలే మొండివట, ఇలాంటి కార్లన్నిటికీ ఈ గొడవ వస్తూనే ఉందట. పైగా మీ అమ్మాయిగారి వేళ్లు బాగా ఎండిపోయి ఉన్నాయి, ఎండిన వేలిని ఇవి తొందరగా గుర్తుపట్టవు అంది. కవరు పక్కకు లాగి తన వేలితో నొక్కి చూపించింది. పదికి పది వెలిగింది.

పదహారేళ్లు, ఒక రోగికీ ఇంకో రోగికీ మధ్య సబ్బుతో కడిగి కడిగి ఎండిన వేళ్లు. స్టీరింగుకు నాలుగుసార్లు కొలత తీశాను నేను. దాన్ని పట్టుకునే చెయ్యి ఎలా ఉందో ఒక్కసారి తిప్పి చూడలేదు.

తిరుగు దారిలో బావమరిదిని అడిగాను, నీకు కూడా తెలుసా అని. తెలుసన్నాడు. ఇంటికొచ్చి ఇంటావిడను అడిగాను. తెలుసంది. అల్లుడికి తెలుసు. ఇంట్లో కారుకూ నాకూ తప్ప అందరికీ తెలుసు. ఎవరూ ఎందుకు చెప్పలేదంటే బావమరిది అన్నాడు: "నువ్వు మెడలో ఆ టేపు వేసుకుని కొత్త పెళ్లికొడుకులా తిరుగుతుంటే ఎవడికి నోరొస్తుంది బావా?"

ఈరోజు నాలుగింటికి అమ్మాయి నిద్రలేచి కిందికి వచ్చింది. నేను బ్లేడు పట్టుకుని కారులో కూర్చున్నాను. వచ్చి పక్కన స్టీరింగ్ సీటులో కూర్చుంది.

"ఎందుకు చెప్పలేదే?" అన్నాను.

"దుకాణం మూశాక నువ్వు భోజనానికి పిలిచినా లేవకుండా పని చేసింది ఆ ఒక్కరోజే నాన్నా."

"ఉద్యోగం పోయేది కదే."

"రెండు తప్పుల దాకా ఊరుకుంటాడు కదా, నెట్టుకొచ్చేస్తాననుకున్నాను."

"తీసేయమని ఒక్క మాటంటే నేనేమైనా ఏడ్చేవాడినా?"

"ఏడవవు. ఇంకోటి కుట్టుకొస్తావు, పల్చటి గుడ్డతో."

నేను జేబులో చెయ్యి పెట్టుకున్నాను. జేబులో పల్చటి గుడ్డ ముక్క ఒకటి ఉంది. పొద్దున్నే కత్తిరించాను. అది నా చేతి వైపు చూసింది, జేబు వైపు చూసింది, ఇక ఆపుకోలేక స్టీరింగ్ మీద తల ఆనించి నవ్వింది. హారన్ మోగింది. ఇంటావిడ పరుగెత్తుకొచ్చింది. నాకూ నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లు కూడా వచ్చాయి. బ్లేడు చేతిలో ఉంది కాబట్టి తుడుచుకోలేదు.

కవరు నేనే విప్పాను. ఒక్కో కుట్టూ. కుట్టడానికి ఒక రోజు పట్టింది, విప్పడానికి ఇరవై నిమిషాలు.

17వ తేదీ, సోమవారం

ఇంటావిడ అమ్మాయి చేతులకు క్రీము రాసింది, చిన్నప్పుడు తలకు నూనె పెట్టినట్టు, వద్దమ్మా అంటున్నా వినకుండా. అరగంట ఆగి, చేతులు గుడ్డతో తుడుచుకుని కారెక్కింది.

బావమరిది ఈరోజు బుద్ధిగా నేర్పాడు. స్టీరింగ్ తిప్పకముందే, బాణాలు వాటి చోట అవి ఉండగానే నొక్కమన్నాడు. వేలి కొసతో కాదు, కండ ఆనించి. లోపల టిక్కుటిక్కుమని వినపడేదాకా వేలు తీయొద్దన్నాడు. ఇదంతా ఐదో తేదీనే ఎందుకు చెప్పలేదురా అంటే, అప్పుడు నన్ను మాట్లాడనిచ్చావా అన్నాడు. అదీ నిజమే.

తొమ్మిది!

గుండ్రటి కూడలిలో బయటికి వచ్చేటప్పుడు మాత్రం స్టీరింగ్ తిరిగే ఉంటుంది, బాణాలు తలకిందులవుతాయి. అక్కడే ఆ ఒకటి పోయింది. ఇంటికొచ్చి స్టీలు కంచం మీద బలపంతో రెండు బాణాలు గీసుకుని, కుర్చీలో కూర్చుని దాన్ని తిప్పుతూ వేలితో వెతుక్కుంది. వాళ్లమ్మ వంటింట్లోంచి ఎడమ అంటే ఎడమ, కుడి అంటే కుడి. మధ్యలో ఆవిడ ఉప్పు అంది, దానికి కూడా నొక్కేసింది.

నా చేతులు ఒకటే దురద. ఆ బాణాల పక్కన, మీద కాదు, పక్కన, ఒక్క చిన్న దారం ముడి వేస్తే? వద్దు. చేతులు కట్టుకుని కూర్చున్నాను.

18వ తేదీ, మంగళవారం

తొమ్మిది. పది. తొమ్మిది. మూడు విడతలు. నేను ఏమీ కుట్టలేదు.

19వ తేదీ, బుధవారం

పాసైంది!!! నా తల్లి పాసైంది!!!

వరసగా రాస్తాను. రావొద్దంటే వినకుండా నేనూ వెళ్లాను. ఆస్పత్రి గేటు పక్కన సిమెంటు బెంచీ ఉంది, అక్కడ కూర్చున్నాను. ఆఫీసరు సన్నటి మనిషి, చెవి మీద పెన్సిలు. కారెక్కేముందు స్టీరింగ్ చూసి, పోయినసారి ఉన్న కవరు ఏదని అడిగాడట. ఇంట్లో ఉంది సార్ అందట.

నలభై నిమిషాలు. బెంచీ మీద నా పక్కన చెయ్యికి కట్టుతో ఒకాయన కూర్చున్నాడు. ఆయనకు మొత్తం కథ చెప్పాను. లోపల డాక్టరు పిలిచినా, ఉండండి ఆ మెకానిక్కు ఏమందో విని వస్తా అన్నాడు.

రోడ్డు చివర తెల్ల కారు కనిపించింది. గేటులోకి రావాలంటే ఎడమకు తిరగాలి. చప్పుడు లేని బండి కదా, చూస్తూ ఉండాల్సిందే. వస్తోంది, వస్తోంది, లైటు లేదు. నేను లేచి నిలబడ్డాను. నొక్కమ్మా నొక్కు అని పైకే అన్నాను. కట్టాయన కూడా లేచాడు. ఇంకా లేదు. అప్పుడు ముందు దీపం పక్కన పసుపురంగు లైటు టప్పుమని వెలిగింది. ఆరింది, వెలిగింది, ఆరింది, వెలిగింది. అంత చిన్న లైటుకు పెద్ద మగాళ్లిద్దరం చప్పట్లు కొట్టాం. ఆయన ఒక్క చేత్తో నా భుజం మీద కొట్టాడు.

ఇరవై రెండు మలుపుల్లో ఒక్కటే తప్పింది, అదీ గుండ్రటి కూడలిలోనే. ఆఫీసరు దిగి నా దగ్గరకు వచ్చి, "మీ అమ్మాయి సోమవారం నుంచి పగలే పనిచేస్తుంది" అన్నాడు. ఆయన చెయ్యి పట్టుకుని వదల్లేదట నేను. అమ్మాయి చెప్తేగానీ నాకు తెలియలేదు.

ఈ సాయంత్రం దానికి సెలవు. వంటింట్లో నాలుగు కంచాలు కడుగుతున్న చప్పుడు వినపడుతోంది. పిలిచేలోపు ఎవరెవరికి చెప్పాలో రాసుకుంటున్నాను, మర్చిపోతే మాట పడాలి.

మా పెద్దక్కకు. చెవుడు, రెండుసార్లు అరవాలి. కవరు సంగతి వద్దు.

వియ్యంకుడికీ వియ్యపురాలికీ. అల్లుడు చెప్పేలోపు నేను చెప్పాలి. కవరు సంగతి వద్దు.

తోడల్లుడికి. మొదటిసారికే పాసైందా అని అడుగుతాడు, అడిగే తీరతాడు. సరిగా వినపడటం లేదని ఫోను పెట్టేయాలి.

మేనకోడలికి. అది ఇంకో నలుగురికి చెప్తుంది, నాకు శ్రమ తగ్గుతుంది.

ఇంటావిడ పిన్నికి. ముందు ఆవిడ మోకాళ్ల గురించి అడగాలి, తర్వాత చెప్పాలి.

బావమరిదికి. ముందే తెలుసు. అయినా నా నోటితో చెప్పాలి, నేర్పింది నువ్వేరా అని కూడా అనాలి.

చిన్నాన్న కొడుక్కి, నాకు తమ్ముడి వరస. ఒకే బల్ల మీద పంతొమ్మిదేళ్లు కలిసి కుట్టాం. మాటలు లేక ఏడేళ్లు. ఎందుకు పోయాయో నాకు గుర్తు లేదు, వాడికి గుర్తుంటే అడగాలి. వీడికి మాత్రం కవరు సంగతి మొదటి నుంచి చివరి దాకా చెప్పాలి, నూట నలభై కుట్లతో సహా. ఆ కుట్టు ఎలాంటిదో అర్థమయ్యే మనిషి మా వాళ్లలో వాడొక్కడే. వాడికే ముందు చేస్తాను.